సాంచాలు ఆగిన కార్తీకం

సూరత్‌లోని సలాబత్‌పురా గల్లీల్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఏడాది పొడుగునా ఆడుతూనే ఉండేవి. పగలు పన్నెండు గంటలు ఒక పాళీ, రాత్రి పన్నెండు గంటలు ఇంకో పాళీ. కింద మరమగ్గాలు, పైన కాపురాలు. గోడలు సన్నగా వణికేవి. గూట్లో గిన్నెలు జరిగి జరిగి అంచుకొచ్చేవి. రోజుకొకసారి వాటిని వెనక్కి నెట్టడం పిల్లల పని. ఆ చప్పుడు ఆగేది దీపావళికే. అమావాస్య ముందు లెక్కలు తేల్చి, బోనస్ చేతిలో పెట్టి, సేటు మెయిన్ స్విచ్ దించేవాడు. రింగ్‌రోడ్డు బట్టల బజారు లాభపంచమి నాడు ముహూర్తం చేసి తెరుచుకునేది. మగ్గాల ఖాతాలు మాత్రం ఊళ్లకు పోయిన కూలీలు తిరిగొచ్చేదాకా, అంటే కార్తీక పున్నమి దాటేదాకా, మూసే ఉండేవి. ఆ రెండు మూడు వారాల సందులో మా పెద్దలు కొండలు తిరిగారు. 1980ల్లో పిల్లవాడిగా వాళ్ల వెంట నడిచినవాణ్ని కాబట్టి ఆ నడకల సంగతి రాయాలనిపించింది. ఇప్పుడు అలా నడిచేవాళ్లు మా గల్లీల్లో లేరు.

మేం పద్మశాలీలం. చేతిమగ్గం కూడు పెట్టని రోజుల్లో కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి బయలుదేరినవాళ్లలో కొందరు షోలాపూర్‌లో ఆగారు, కొందరు బొంబాయి మిల్లుల్లో, భివండీలో ఆగారు. ఇంకొందరు రేయాన్ నేతకు పేరుబడ్డ సూరత్ దాకా వచ్చారు. మగవాళ్లు సాంచాల మీద, ఆడవాళ్లు ఇంట్లో కండెలు చుట్టడం మీద, చీరలకు వేలాడే దారాలు కత్తిరించడం మీద బతికారు. పిల్లలకు సూరత్ మున్సిపాలిటీ వాళ్ల తెలుగు బడి ఉండేది. కూలి మీటరు లెక్కన. గుడ్డ దిగితే పైసలు, దిగకపోతే లేదు. కాబట్టి దీపావళి సెలవు అంటే జీతం లేని సెలవే.

మా అసలు పండుగ దసరా. కాని దసరాకు సాంచాలు ఆగేవి కావు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్లు పని ముగించుకుని, రాత్రి బడి ముందున్న ఖాళీ జాగాలో ఆడేవారు. పక్క గల్లీలో అదే వేళకు గుజరాతీ ఆడవాళ్ల గర్బా నడిచేది. సెలవు దొరికేనాటికి మన పండుగ అయిపోయి, వాళ్ల పండుగ మొదలయ్యేది. డబ్బున్న ఏడు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్ దిగేవాళ్లం. ఊరికి పోవడమంటే రైలు ఛార్జీ ఒక్కటే కాదు. అక్కాచెల్లెళ్లకు చీరలు, మేనల్లుళ్లకు బట్టలు, పాత అప్పులవాళ్ల పలకరింపులు. బోనస్ అక్కడే కరిగిపోయి, తిరిగొచ్చాక సేటు దగ్గర ఉపాడ్, అంటే అడ్వాన్సు, అడగాల్సి వచ్చేది. ఆ ఉపాడ్ తీరేసరికి మళ్లీ దసరా. అందుకని చేయి ఆడని ఏడు మా పెద్దబాపు ఒకటే మాట అనేవాడు: "ఈసారి ఊరు వద్దు, గిర్నార్ పోదాం. బియ్యం మనయే, కాళ్లు మనయే."

గిర్నార్ జూనాగఢ్ పక్కన ఉంటుంది. గుజరాత్‌లోకెల్లా ఎత్తైన శిఖరం దానిదే. సూరత్ తాపీ ఒడ్డున పరిచినట్టుండే చదును నేల. మాకు తెలిసిన ఎత్తులన్నీ బజారు మేడలే. అలాంటి వాళ్లకు ఒక్కసారిగా వెయ్యి మీటర్లు దాటిన రాతి కొండ ఎదురైతే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఏటా కార్తీక శుద్ధ ఏకాదశి నుంచి పున్నమి దాకా ఆ కొండల గుంపు చుట్టూ అడవిలో 36 కిలోమీటర్ల ప్రదక్షిణ చేస్తారు. లీలీ పరిక్రమ అంటారు దాన్ని. మనకు సింహాచలం గిరి ప్రదక్షిణ ఉన్నట్టే కాఠియావాడ్ రైతులకు అది. సింహాచలంలో తారు రోడ్డు మీద ఒక పగలూ రాత్రీ నడిస్తే అయిపోతుంది. ఇక్కడ సింహాలు తిరిగే అడవిలో రాత్రుళ్లు పడుకుంటూ నడవాలి. మిగతా రోజుల్లో ఆ దారి మూసి ఉంటుంది.

మా ఆడవాళ్లు దాన్ని తమ లెక్కలో పెట్టుకున్నారు. కార్తీకమాసం, అడవి, ఉసిరి చెట్టు: ఇంతకన్నా వనభోజనానికి ఏం కావాలి? పరిక్రమ మొదలయ్యే ఏకాదశి మర్నాడే క్షీరాబ్ది ద్వాదశి. సూరత్‌లో ఉంటే గాలి ఆడని ఇంట్లో, డాల్డా డబ్బాలో నాటిన తులసి పక్కన ఉసిరి కొమ్మ గుచ్చి పూజ కానిచ్చేవారు. అడవిలో అయితే నిజంగా చెట్టు కిందే చేయొచ్చు. మగవాళ్లకు ఇంకో కారణం ఉంది. కొండ కొసన ఉన్న దత్తాత్రేయుడి పాదాలు. పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభుడి కథ, గురుచరిత్ర పారాయణ మా ఇళ్లలో ఉన్నవే. దత్తుడి కొండ ఒక రాత్రి రైలు దూరంలో ఉండగా చూడకుండా ఎలా ఉంటామని పెద్దబాపు వాదన.

ప్రయాణానికి సరంజామా శ్రావణం నుంచే మొదలయ్యేది. వారానికింత అని చిట్టీ కట్టేవారు. ఆ పైసలు రైలు టికెట్లకే. తిండి మొత్తం మోసుకుపోవాలి. బియ్యం, జొన్నపిండి, కందిపప్పు, చింతపండు, కారం, పల్లీలు, అటుకులు, బెల్లం వేసి ముద్దలు చేసిన మలీద. రెండు పెద్ద గంజులు, ఒక కందిలి, టార్చిలైట్లు. ఏ మూట ఎవరి నెత్తికి అనేది బయలుదేరే ముందే తేలేది. మూటలు కట్టడానికి మగ్గం మీంచి దిగిన, రంగు పడని గ్రే గుడ్డ వాడేవాళ్లం. నేతలో తప్పు పడ్డందుకు కూలిలో కోసుకుని సేటు మా మొహాన కొట్టిన గుడ్డ అది. ఆ గుడ్డకు మోయడానికి పనికిరాని తప్పేమీ లేదు.

సలాబత్‌పురా నుంచి స్టేషన్‌కు నడిచే పోయేవాళ్లం. సౌరాష్ట్ర మెయిల్‌లో జనరల్ పెట్టె. వడోదర, అహ్మదాబాద్, వీరంగాం దాటి రాజ్‌కోట్‌లో దిగి, అక్కణ్నుంచి వెరావల్ వైపు పోయే మీటర్ గేజి బండి ఎక్కాలి. ఆ బండి మెల్లగా పోయేది. వేరుశనగ చేలు, పత్తి చేలు చూస్తూ మా పెద్దలు ఊళ్లోకి వచ్చినట్టే మాట్లాడుకునేవారు. పత్తి చూసినప్పుడు మాత్రం ఎవరో ఒకరు "మనకు దీనితోని పని లేకుండ పోయె" అనేవారు. సూరత్‌లో మేం నేసేదంతా రేయాన్, పాలిస్టర్ నూలే మరి.

జూనాగఢ్‌లో దిగి, కొండ కిందున్న భవనాథ్‌కు పోయే దారిలో ఒక పెద్ద బండ ఉంది. దాని మీద అశోకుడి పద్నాలుగు శాసనాలు చెక్కి ఉన్నాయి. మాతో ఒకసారి తెలుగు బడి పంతులుగారు వచ్చారు. అందరినీ ఆ బండ ముందు ఆపి పాఠం చెప్పారు. ఇవే పద్నాలుగు శాసనాలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా రాళ్ల మీద ఉన్నాయని, దారుల పక్కన బావులు తవ్వించి, చెట్లు నాటించి మనుషులకూ పశువులకూ మేలు చేసినట్టు అశోకుడు రాయించుకున్నాడని చెప్పారు. అదే బండ మీద ఇంకో పక్క రుద్రదాముడి శాసనం. క్రీ.శ. 150 ప్రాంతంది. తుఫానుకు తెగిపోయిన సుదర్శన తటాకం కట్టను తిరిగి కట్టించిన సంగతి అందులో ఉంది. దక్షిణాపథ పతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించి కూడా, దగ్గర చుట్టం కావడంతో నాశనం చెయ్యకుండా వదిలేశానని ఆ రాజు చెప్పుకున్నాడు. "అంటే మన శాతవాహనుడు ఇక్కడి రాజుకు చుట్టమేనన్నమాట" అన్నారు పంతులుగారు.

పెద్దబాపుకు నచ్చింది వేరే ముక్క. ఆ చెరువు కట్టకు ప్రజల మీద పన్ను వెయ్యలేదు, వెట్టి చేయించలేదు, సొంత ఖజానా నుంచే ఖర్చు పెట్టానని రుద్రదాముడు రాయించాడు. నిజాం కాలపు తెలంగాణలో పుట్టిన ముసలివాళ్లకు వెట్టి అంటే కథ కాదు. దొర గడీకి బట్టలు ఊరికే నేసిచ్చిన ఇళ్లవాళ్లు వాళ్లు. "వెట్టి జేపియ్యలేదని రాజు రాయి మీద చెక్కిచ్చుకున్నడంటే, మిగిలిన రాజులందరు చేపిచ్చినట్టే గద" అన్నాడు పెద్దబాపు. పంతులుగారికి ఆ అర్థం అప్పటిదాకా తట్టలేదట. తరవాత క్లాసులో ఆ శాసనం చెప్పిన ప్రతిసారీ పెద్దబాపు మాట కూడా చెప్పేవారు.

దామోదర కుండంలో స్నానాలు చేసి, భవనాథ్‌లో ఆ రాత్రికి నడుం వాల్చి, ఏకాదశి నాడు అడవిలో అడుగుపెట్టేవాళ్లం. దారికి మూడు ఘోడీలు అడ్డం. నిటారుగా ఎక్కి దిగాల్సిన కొండ మలుపును అక్కడివాళ్లు ఘోడీ అంటారు. మొదటిది ఇటవా ఘోడీ. అది దాటి, భవనాథ్ నుంచి 12 కిలోమీటర్లు నడిస్తే జీణా బావా మఢీ. అక్కణ్నుంచి 8 కిలోమీటర్లు మాళవేలా, ఇంకో 8 బోర్‌దేవి, మరో 8 నడిస్తే మళ్లీ భవనాథ్. చురుకైనవాళ్లు ఇదంతా ఒక్క రోజులో చుట్టేస్తారు. మేం మాత్రం ప్రతి మజిలీలోనూ పడుకునేవాళ్లం. మా గుంపు వేగం మా బాపమ్మ వేగం. ఆమె ముందు నడవాలి, మిగిలినవాళ్లు వెనక నడవాలి. ఇది పెద్దబాపు పెట్టిన నియమం. ముసలివాళ్లను వెనక పెడితే కుర్రవాళ్లు ముందుకెళ్లి కూర్చుని ఎదురుచూస్తారు. వాళ్లు వచ్చి చేరగానే లేచి మళ్లీ నడక మొదలుపెడతారు. అలసట తీరేది కుర్రవాళ్లకే, ముసలివాళ్లకు ఎప్పటికీ తీరదు. సాంచాల మీద అతుకులు వేసే మనిషి పెద్దబాపు. పడుగులో తెగిన పోగు పట్టుకుని దాని జంట పోగు వెతకడం ఆయన పని. గుంపులో ఎవరు వెనకబడ్డారో ఆయన తల తిప్పకుండానే చెప్పేవాడు.

రోజంతా మగ్గాల మధ్య నిలబడే కాళ్లు మావాళ్లవి. నాలుగు సాంచాల చుట్టూ తిరిగి, తెగిన పోగు అతికి, నాడెలో కండె మార్చి, మళ్లీ మొదటి సాంచా దగ్గరికి వస్తారు. ఒక పాళీలో ఎన్ని మైళ్లు నడిచేవారో లెక్క లేదు గాని, అదంతా ఒక్క గదిలోనే. ఎదర దారి ఉన్న నడక వాళ్లకు కొత్త. మొదటి పూట అందరి పిక్కలూ పట్టేసేవి. రెండో పూట నుంచి నడక కుదురుకునేది.

కుదురుకోనిది గొంతు ఒక్కటే. సాంచాల హోరులో బతికినవాళ్లు మామూలుగా మాట్లాడలేరు. ఖాతాలో సైగలతో, పెదాల కదలికతో పని నడుస్తుంది, బయట అరుపులతో నడుస్తుంది. చాలామందికి నలభై దాటేసరికి చెవులు సగం పోయేవి. అడవిలో మా నాయిన ఉప్పు అడిగితే పక్క గుంపు లేచి చూసేది. ఒకసారి ఒక కాఠియావాడ్ రైతు మా దగ్గరికి వచ్చి, ఎందుకు కొట్లాడుకుంటున్నారు, యాత్రలో కోపం వద్దు అని బతిమాలాడు. మేం కొట్లాడుకోవడం లేదని, పచ్చిపులుసులో ఉల్లిగడ్డ వెయ్యాలా వద్దా అని ముచ్చటించుకుంటున్నామని నమ్మించడానికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆయన మాతోనే కూర్చుని తిన్నాడు. కార్తీకం గనక ఉల్లిగడ్డ వెయ్యలేదు.

ఆ దారిలో మా పెద్దలు చెట్లకన్నా ఎక్కువగా చూసింది చీరలు. పల్లెల నుంచి వేలమంది ఆడవాళ్లు నడిచేవారు. వాళ్ల ఒంటి మీదున్న చీరల్లో సగం సూరత్‌వే. మా నాయిన ముందు నడిచే ఆవిడ కొంగు చూసి నేత చెప్పేవాడు, నూలు చెప్పేవాడు, ఏ గల్లీ మాలో కూడా ఊహించేవాడు. మా చిన్నవ్వ అయితే దారాలు సరిగా కత్తిరించని చీర కనబడితే ఓర్చుకోలేకపోయేది. మాళవేలా దగ్గర నీళ్ల బిందె ఎత్తుతున్న ఒక ముసలమ్మ చీర వెనక వేలాడుతున్న దారాలను, ఆమెకు తెలియకుండా, నడుముకున్న చిన్న కత్తెర తీసి కత్తిరించేసింది. సూరత్‌లో మేం నేసిన గుడ్డ తాకాలుగా చుట్టి టెంపోలో పోయేది. రంగు అద్దకానికి ఒక చోటికి, అచ్చుకు ఒక చోటికి, బజారుకు ఒక చోటికి. చీరై ఎవరు కట్టుకున్నారో మాకు తెలిసే వీలు లేదు. మావాళ్లు తమ గుడ్డను మనుషుల ఒంటి మీద చూసుకున్నది ఆ అడవిలోనే.

క్షీరాబ్ది ద్వాదశి పూజ జీణా బావా మఢీ దగ్గర అయ్యేది. డబ్బాతో సహా మోసుకొచ్చిన తులసి మొక్కను ఉసిరి చెట్టు కింద పెట్టి, ఉసిరికాయల మీద ఒత్తులు వెలిగించేవారు. గుజరాతీ ఆడవాళ్లు వచ్చి చూసేవారు. వాళ్లకూ అవి తులసి పెళ్లి రోజులే, వాళ్ల పాటలు వాళ్లు పాడేవారు. ఏకాదశికి ఉపవాసం ఉండి మొరంగడ్డలతో సరిపెట్టుకున్న పెద్దవాళ్లు ఆ పూట కడుపునిండా తినేవారు. మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గంజులో అన్నం, ఇంకో గంజులో పప్పు. విస్తళ్లు మోదుగాకులతో కుట్టినవి. గిర్నార్ అడవిలో టేకు, మోదుగ బాగా ఉంటాయి. మోదుగను చూసి మా ఆడవాళ్లు పుట్టింటి చుట్టం కనబడినట్టు పలకరించారు. ఇప్పుడు దారి పొడుగునా అన్నక్షేత్రాలున్నాయి, చేతులూపుకుంటూ వెళ్లినా ఆకలితో ఉండనివ్వరు. మేం నడిచిన రోజుల్లో అక్కడక్కడా ఉండేవి. చాలా గుంపులు మాలాగే వండుకునేవి, సాయంత్రమైతే అడవంతా పొగలు కనబడేవి.

రాత్రి సింహం భయం. నిజానికి అంత జనం, అన్ని మంటలున్న చోటికి సింహం రాదు. అయినా పిల్లలను మధ్యలో పడుకోబెట్టి పెద్దవాళ్లు చుట్టూ పడుకునేవారు. బాపమ్మకు ఆ భయం లేదు. "పులి మీద తిరిగిన భావనాఋషి కులం మనది, సింహం మనలనేం జేస్తది" అనేది. అక్కణ్నుంచి కథ మొదలయ్యేది. ఊళ్లో కూనపులివాళ్లు పటం ముందు పాడుతుంటే విన్న కథ. మార్కండేయుడు శివలింగాన్ని కావిలించుకుని యముణ్ని తప్పించుకోవడం, ఆయన వంశంలో భావనాఋషి పుట్టి తామర తూళ్లతో దేవతలకు బట్ట నేయడం. ఊళ్లో ఆ కథకు కొన్ని రాత్రులు పట్టేది. సూరత్‌లో పాళీల మధ్య అంత కథ వినే తీరిక ఎవరికీ లేదు. మా తరానికి మా కులపురాణం అందింది గుజరాత్ అడవిలో, మంట పక్కన.

మాళవేలా ఘోడీ మాకు అన్నిటికన్నా కష్టమనిపించేది. రాళ్లు, వేళ్లు, ముందువాడి మడమ తప్ప ఏమీ కనబడని ఎక్కుడు. "జయ్ గిర్నారీ" అని ఎవరో పైనుంచి అరిస్తే కిందివాళ్లు అందుకునేవారు. ముక్కూమొహం తెలియనివాడు చెయ్యి ఇస్తాడు, పట్టుకుని ఎక్కాలి. ఖాతాలో కులం అడిగి మంచినీళ్లిచ్చే మనుషుల్ని కూడా చూశాం. ఆ ఎక్కుడులో చెయ్యి ఎవరిదని ఎవరూ అడగలేదు. మూడోది నాళపాణీ ఘోడీ. అది దిగితే బోర్‌దేవి, ఆ తరవాత అంతా తేలిక.

ప్రదక్షిణ ముగిశాక కొండ ఎక్కడం. మెట్లు లెక్కకు 9,999 అంటారు. పంతొమ్మిదో శతాబ్దం చివర జూనాగఢ్ సంస్థానంలో లాటరీ పెట్టి, ఆ డబ్బుతో ఈ మెట్లు బాగు చేయించారు. టికెట్ కొన్నవాళ్లలో లాటరీ తగిలింది ఏ కొద్దిమందికో, మెట్లు మాత్రం అందరికీ మిగిలాయి. అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టాలి. ఎండెక్కితే రాయి కాలుతుంది. చేతికర్ర ఠక్కుఠక్కుమంటుంటే, పైన ఎక్కడో టీ దుకాణాల దీపాలు కనబడేవి. పైకి పోయిన కొద్దీ టీ ధర పెరిగేది. ప్రతి నీటి బిందే, ప్రతి పాల క్యానూ మనిషి నెత్తి మీద ఎక్కాల్సిందే కాబట్టి ఎవరూ బేరమాడేవారు కాదు. కూలి లెక్కలు తెలిసినవాళ్లు కదా.

అడవి చుట్టూ నడిచిన బాపమ్మ మెట్ల దగ్గర మాత్రం చేతులెత్తేసింది. డోలీ మాట్లాడారు. గిర్నార్ డోలీలో మనిషి బరువును బట్టి ధర. కొండ అడుగున తలేటిలో పెద్ద కాటా ఉండేది, ఎక్కేవాళ్లను అందులో కూర్చోబెట్టి తూచేవారు. బాపమ్మకు అది తలకొట్టేసినట్టయింది. "పత్తి మూట తూసినట్టు తూసిండ్రు" అని ఊరంతా చెప్పుకుంది. కాని బరువు తక్కువ తేలినందుకు లోపల్లోపల సంతోషమే. డోలీ అంటే కర్రకు తాళ్లతో వేలాడదీసిన చిన్న పీట. మోసేవాళ్ల భుజాల మీద చేతి మందాన కాయలు కాచి ఉండేవి. దారిలో వాళ్లు ఆగిన చోటల్లా బాపమ్మ మూటలోంచి మలీద తీసి వాళ్ల చేతుల్లో పెట్టేది. వాళ్లకు తెలుగు రాదు, ఆమెకు గుజరాతీ రాదు. అయినా పైకి చేరేసరికి వాళ్ల ఇంట్లో ఎంతమంది ఆడపిల్లలున్నారో, ఎవరి పెళ్లి ఆగిందో ఆమెకు తెలిసిపోయింది.

తెల్లవారేసరికి నేమినాథుడి జైన దేవాలయాల కోట, తరవాత అంబాజీ. చాలామంది అక్కడితో వెనుదిరుగుతారు. అంబాజీ దాటాక గోరఖ్‌నాథ్ శిఖరం, అన్నిటికన్నా ఎత్తు అదే. అక్కణ్నుంచి మెట్లు ఒక్కసారిగా కిందికి దిగిపోతాయి, ఎక్కినదంతా దిగిపోతున్నామని గుండె జారుతుంది. మళ్లీ నిటారుగా ఎక్కితే సన్నటి కొస మీద దత్తుడి పాదాలు. ఇద్దరు ముగ్గురికి మించి నిలబడే చోటు కాదు. అక్కడ గాలి మనిషిని తోసేస్తుంది. చుట్టూ చూస్తే మేం నడిచొచ్చిన కొండలన్నీ వలయంలా కనబడేవి. నాయిన వేలుతో ఒక్కొక్కటే చూపించేవాడు: అదిగో మాళవేలా, అదిగో బోర్‌దేవి. గుడ్డ నేసేవాడికి అడుగడుగునా మీటరు లెక్క ఉంటుంది. నడిచిన దారి మొత్తం ఒక్కచోటి నుంచి కనబడటం, దానికి ఎవరూ కొలత పెట్టకపోవడం ఆయనకు ఎంత ఇష్టమో అప్పుడు నాకు తెలియలేదు. ఊరికి తిరిగొచ్చాక ఆయన ఎక్కువ చెప్పింది దేవుడి గురించి కాదు, ఆ చూపు గురించే.

ఈ నడకలు ఒక్క రోజున ఆగిపోలేదు. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చినప్పుడు సూరత్ నుంచి జనం పెద్ద ఎత్తున వెళ్లిపోయారు. దొరికిన రైలెక్కి మావాళ్లూ తెలంగాణకు పరుగెత్తారు. ఆ కార్తీకంలో గిర్నార్ ఎవరికీ గుర్తు రాలేదు. తరవాతి ఏళ్లలో కొందరు తిరిగి రాలేదు. వచ్చినవాళ్లు అద్దెలు భరించలేక లింబాయత్‌కు, ఉధ్నాకు, ఇంకా ఆవలికి జరిగారు. పాత సాంచాల ఖాతాలు గోదాములయ్యాయి. నేత సచిన్, పాండేసరా వైపు పెద్ద షెడ్లకు పోయి, నాడె లేని వాటర్‌జెట్ మగ్గాలు వచ్చాయి. 2006 ఆగస్టులో తాపీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు మా ఇంట్లో గంజులు, కందిలి, గ్రే గుడ్డ మూటలు అన్నీ బురదలో పోయాయి. 2016 నవంబరు నోట్ల రద్దు, మరుసటేడు జీఎస్టీ తరవాత చాలా ఖాతాల్లో సాంచాలు తుక్కు కింద తూకానికి పోయాయి. మా పిల్లల్లో ఇప్పుడు మగ్గం మీద ఉన్నవాళ్లు తక్కువ. ఒకడు బజారులో చీరల దుకాణంలో లెక్కలు రాస్తాడు, ఒకడు ఎంబ్రాయిడరీ మెషీన్ నడుపుతాడు, ఒకమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్.

గిర్నార్‌లోనూ చాలా మారింది. రాజ్‌కోట్‌లో బండి మారాల్సిన పని పోయింది, మీటర్ గేజి పట్టాలు బ్రాడ్ గేజి అయ్యాయి. ఆ అడవిని 2008లో అభయారణ్యంగా ప్రకటించారు. పరిక్రమకు ఇప్పుడు లక్షల జనం, ప్లాస్టిక్ మీద నిషేధం. 2020 అక్టోబరు 24న రోప్‌వే మొదలైంది. 2.3 కిలోమీటర్లు, పది నిమిషాలలోపే అంబాజీ దగ్గర దిగుతారు. దాన్ని తిట్టే పాతకాలపు మనిషిని కాను నేను. మోకాళ్లు అరిగిన మా చిన్నవ్వ దాంట్లో కూర్చుని అంబాజీని చూసొచ్చింది. ఎవరూ ఆమెను కాటా మీద తూచలేదు. డోలీ మోసిన భుజాలు పాతకాలపు అందం అని రాసేవాడు ఒక్కసారి మోసి చూడాలి. పైగా దత్తుడి దగ్గరికి పోవాలంటే అంబాజీ నుంచి ఇప్పటికీ మెట్లే గతి.

రోప్‌వే మా నడకను చంపలేదు. అది వచ్చేనాటికి నడిచే గుంపే లేదు. మా పెద్దలు కొండకు పోవడానికి భక్తి ఎంత కారణమో, సలాబత్‌పురాలో అందరి సాంచాలూ ఒకే రోజు ఆగి, ఒకే రోజు కదలడం కూడా అంతే కారణం. సేటు స్విచ్ దించితే అన్నదమ్ములు, బావమరదులు, ఇరుగుపొరుగు అందరూ ఒకేసారి పనిలేనివాళ్లయ్యేవారు. కూలి లేని ఆ రోజులు వాళ్లు కోరుకున్నవి కావు, వాళ్ల మీద పడ్డవి. వాటిని కూర్చుని లెక్కపెట్టకుండా నడకలో పెట్టారు. చవకైన యాత్ర కాబట్టే అడవి, మోత బరువు కాబట్టే పదిమంది. బాపమ్మ వేగంతో నడవడానికి అందరి దగ్గరా అన్నే రోజులు ఖాళీ ఉండేవి.

ఇప్పుడు మా కుటుంబానికి వాట్సాప్ గ్రూపు ఉంది. ఏటా దసరా అయ్యాక ఎవరో ఒకరు ఈసారి పరిక్రమకు పోదామా అని రాస్తారు. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వస్తాయి. తేదీ దగ్గరికి వచ్చేసరికి చిక్కు పడుతుంది. దుకాణం వాడికి లాభపంచమికే బజారు తెరుస్తారు. మెషీన్ వాడికి పెళ్లిళ్ల సీజన్ ఆర్డర్లు. హైదరాబాద్ అమ్మాయికి దీపావళి ఒక్క రోజే సెలవు. పోయిన కార్తీకంలో ఈ చర్చంతా పక్కన కూర్చుని విన్న చిన్నవ్వ, ఫోన్ చేతిలోకి తీసుకుని తన గొంతే రికార్డు చేసి పంపింది. అడవిలో అరిచినంత గట్టిగా అంది: "అప్పుడు సాంచాలు సేటు ఆపిండు గాబట్టి పోయినం. ఇప్పుడు ఎవ్వడు ఆపడు. ఎవల సాంచా వాళ్లే ఆపుకోవాలె."